తెగని చెప్పులు

ఆ రాత్రి నా చెప్పులు ఇచ్చి ఉంటే తమ్ముడు బతికేవాడా? ఏడాదిగా నన్ను నేను అడుగుతున్న ప్రశ్న ఇది. జవాబు తెలిస్తే మనసు కుదుటపడుతుందో, చితికిపోతుందో తెలియదు.

పోయిన కరెంటు మళ్లీ రాగానే, పొలంలో మోటారు వేయడానికి తమ్ముడు బిక్షపతి లేచాడు.

"అన్నా, నా చెప్పులు తెగినయ్. జర నీయి ఏసుకపోనా?"

"ఇగ గవి గూడ తెంపుకొస్తవ్. వట్టికాళ్లతోనే పోరా" అని దుప్పటి కప్పుకున్నాను.

నవ్వుతూ వెళ్లాడు. తడినేలలో, స్టార్టర్ పెట్టె కింద, షాక్ కొట్టి పడి ఉన్నవాణ్ణి తెల్లవారి చూశాం.

ఆ రబ్బరు చెప్పులు నేను మళ్లీ తొడుక్కోలేదు. మంచం కిందే ఉంచాను.

ఈ రాత్రి కూడా కరెంటు పోయి వచ్చింది. ఇంట్లో నేనొక్కణ్ణే ఉన్నాను. కాసేపటికి పొలం వైపు నుంచి మా మోటారు మోత వినిపించింది. మంచం కింద తడిమాను. చెప్పులు లేవు.

తడిసిన చెప్పుల టపటప చప్పుడు గట్టు మీదుగా వాకిట్లోకి వచ్చింది. తలుపు ముందు ఆగింది.

"అన్నా, మోటరేసొచ్చిన. నీ చెప్పులు తెగలే, సూస్కో."

చూస్తే నాకు సందేహం మిగలదు. చెప్పులున్నా పోయేవాడేనన్న సాకూ మిగలదు. అయినా చూడాలనే నిశ్చయించుకున్నాను.

లేచి గడియ తీశాను.