లేడమ్మా

"చూసినవా బిడ్డా?"

ప్రతి మంగళవారం లాగే జమ్లి వచ్చి టేబుల్ అంచు పట్టుకుని నిలబడింది. భద్రాచలం అడవి పక్కన తండా ఆమెది. మొదటి బస్సు ఎక్కినా ఖమ్మం చేరేసరికి పదకొండు దాటుతుంది.

మరణాల నమోదు ఆఫీసులో డేటా ఆపరేటర్ ఫిర్దోస్ కంప్యూటర్‌లో 'జైరాం' అని కొట్టింది. ఏమీ రాలేదు.

"లేడమ్మా."

"మంచిగ చూడు. నా కొడుకుకు ఇర్వై రెండేండ్లు."

"చూసిన. చనిపోయినోళ్ల లిస్టుల ఆ పేరే లేదు."

జమ్లి ముఖం తేటపడింది. "నేను జెప్పలే? మిర్చి కోతలకు పోయిండు. వస్తడు." కొంగులోంచి రెండు జామకాయలు తీసి కీబోర్డు పక్కన పెట్టి వెళ్లిపోయింది.

తను చెప్పిన 'లేడు'కు విలువ లేదని ఫిర్దోస్‌కు తెలుసు. మూడు దవాఖానాలు మరణాల రిజిస్టర్లు స్కాన్ చేసి పంపాయి. ఒకరు పేరుతో ఎక్కించారు, ఒకరు ఊరితో, మూడోవాళ్లు ఒట్టి నంబరుతో. ఒకచోట 'లంబాడా', ఒకచోట 'బంజారా', ఇంకోచోట 'ఎస్టీ'. నీళ్లలో మునిగి చనిపోయినవాళ్లే నాలుగు రకాల మాటల కింద చెదిరి ఉన్నారు. ఒక మాటతో వెతికితే మిగతావాళ్లు దొరకరు.

అందుకే ఏడు నెలలుగా ఒక్కో పేజీ తెరిచి, మూడింటికీ ఒకే శీర్షికలు పెడుతోంది. పేరు, ఊరు, వయసు, కారణం.

"చచ్చిపోయినోళ్లను ఎవరు ఎతుకుతరమ్మా?" అని ఆఫీసర్ నవ్వాడు.

నవ్వితే నవ్వనీ అనుకుంది. కొడుకు ఉన్నాడో లేడో తెలియకుండా ఆ తల్లి ఇంకెన్నాళ్లు తిరగాలి?

సోమవారం సాయంత్రానికి పని అయిపోయింది. ఫిర్దోస్ మళ్లీ 'జైరాం' అని కొట్టింది.

ఒక్క పేజీ వచ్చింది. ఊరు కలిసింది. వయసూ అదే, ఇరవై రెండు. గోదావరిలో మునిగి చనిపోయి రెండేళ్లు.

ఇన్ని మంగళవారాలు 'లేడు' అని పంపించిన మనిషికి రేపు ఏ నోటితో చెప్పాలి? కనీసం ఎక్కడ పూడ్చారో తెలిస్తే, కూర్చుని ఏడవడానికి ఒక చోటైనా చూపించవచ్చు. ఆ ఆశతో పేజీని కిందికి జరిపింది.

'శవాన్ని తీసుకెళ్లినవారు' అన్నచోట ఒక వేలిముద్ర ఉంది, దాని పక్కన ఎవరో నీలి సిరాతో 'జమ్లి, తల్లి' అని రాశారు.