పారిస్ బండి

డేనెష్ హాస్టలు గదిలో పారిస్ ప్రయాణానికి పెట్టె సర్దుకుంటున్నాడు.

గాష్పార్ గుమ్మానికి ఆనుకుని చూస్తున్నాడు. పారిస్‌లో గణితం చదవడానికి బుడాపెస్టు విద్యార్థులకు ఇచ్చింది ఒక్కటే చోటు. అది తనకు దక్కి ఉంటే పందుల కాపరి కొడుకన్న పేరు పోయేది.

“తోలు పెట్టె బావుందిరా. మీ తాతగారిదా?”

“కాదు. ఎవరో రైల్లో వదిలేసింది.”

“దొరలు అబద్ధం కూడా అందంగా ఆడతారు!”

డేనెష్ నవ్వి, గసగసాల రొట్టె విరిచి సగం ఇచ్చాడు.

“మీ వంటమనిషి చేసిందా?”

“మా అమ్మ.”

“అమ్మగారి చేతులకు పిండి కూడా అంటుతుందన్నమాట!”

రొట్టె మాత్రం మిగల్చకుండా తిన్నాడు.

గాష్పార్‌కి ఆనాటి లెక్కల పోటీ గుర్తొచ్చింది. ఆ పోటీకి ఎవరి పుస్తకాలు వాళ్లు తెచ్చుకోవచ్చు. తను అరువు పుస్తకాలు సంచినిండా మోసుకెళ్లాడు. డేనెష్ ఒక్క పెన్సిలుతో వచ్చి మొదటి బహుమతి పట్టుకుపోయాడు.

“ఆ రోజు పుస్తకాలు తేలేదేంరా?”

“లేవు, అందుకని.”

ఇంటినిండా ఉన్నవాడికి మొయ్యడం నామోషీ కాబోలు, అనుకున్నాడు గాష్పార్.

స్టేషన్లో ఎర్రటోపీ కూలీ ఒకాయన పిలవకుండానే వచ్చి పెట్టె అందుకున్నాడు.

“నేను మోస్తాను,” అన్నాడు డేనెష్.

“తమరు నడవండి బాబూ.”

“చూశావా! కూలీలు కూడా దొరల్ని మొహం చూసి పోల్చేస్తారు,” అన్నాడు గాష్పార్.

బండి కదలబోతుంటే డేనెష్ కూలీ చెయ్యి పట్టుకోబోయాడు. ఆయన గాష్పార్ వైపు చూసి, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

ఇవ్వబోయింది చాలలేదేమో, అనుకున్నాడు గాష్పార్. పిసినారి దొర!

యుద్ధం అయిపోయాక, ప్రొఫెసర్ గాష్పార్ తనూ పారిస్ చూసి వచ్చి, అదే స్టేషన్లో దిగాడు. అదే ఎర్రటోపీ. మనిషి ముసలివాడయ్యాడు.

“పెద్దాయనా, ఈ పెట్టె పట్టు.”

“ఈ బండికి మొయ్యను బాబూ.”

ఆయన కళ్లు ఒక్కో తలుపూ వెతుకుతున్నాయి.

పక్క కూలీ వచ్చి పెట్టె అందుకున్నాడు.

“ఏమనుకోకండి. ఈ బండికి కొడుకు పెట్టె ఒక్కటే మోస్తాడట.”

“కొడుకేం చేస్తాడు?”

“లెక్కలండీ. పారిస్ పోయేరోజు ఎవరో స్నేహితుడు వెంట ఉన్నాడట. ‘అతని ముందు నన్ను నాన్నా అనకు, నీ పరువు పోతుంది’ అన్నాడట ఈయనే.”

గాష్పార్ పక్క కూలీ చేతిలోంచి తన పెట్టె తనే తీసుకున్నాడు.

ఆ ఎర్రటోపీ కూలీ ఒక్కగానొక్క కొడుకు డేనెష్ 1938 సెప్టెంబరులో పారిస్ బండెక్కి వెళ్లాడు; తిరిగి రాలేదు.