కిటికీ దగ్గరి స్లైడు

మణుగూరు అడవిలోని రేకుల గదిలో, బోరు వేసి తీసిన రాళ్లలోని సూక్ష్మశిలాజాలను చూసి ఒకప్పటి సముద్రం వయసు తేల్చడం భవాని పని. గాలిలోని ఇప్పటి పుప్పొడి వాటిలో కలిసిందేమో తెలుసుకోవడానికి రోజూ కిటికీ దగ్గర ఒక ఖాళీ గాజు స్లైడు ఉంచేది.

ఆ రాత్రి దాన్ని మైక్రోస్కోపు కింద పెట్టింది. టేకు పుప్పొడి ఒక్క రేణువూ లేదు. రాళ్లలో చూసిన, నూరు కోట్ల ఏళ్లనాటి ఆ జీవులే ఉన్నాయి. కదులుతున్నాయి.

బయట కీచురాళ్ల రొద ఆగిపోయింది.

జనరేటర్ చూడటానికి వెళ్లిన వాచ్‌మన్ పిచ్చయ్య తలుపు కొట్టాడు.

"మేడం, జల్దీ తియ్యుండ్రి. మోకాళ్ల దాంక నీళ్లొచ్చినయ్. ఉప్పగున్నయ్."

భవాని కిటికీ మూసింది. తలుపుకు పై గడియ కూడా పెట్టి, కింది సందులో చున్నీ కుక్కింది.

పిచ్చయ్య కొడుతూనే ఉన్నాడు. కాసేపటికి ఆ చప్పుడు తలుపు పైఅంచు దగ్గర వినిపించింది.

తర్వాత, పైకప్పు రేకుల మీద.