తోడు పోయిన రోజు

యమున, జగ్గమ్మల మొగుళ్లిద్దరికీ కిడ్నీలు పోయాయి. డయాలసిస్‌కి ఇద్దరినీ ఒకే ఆటోలో టెక్కలి తీసుకెళ్లేవారు. ఆడవాళ్లలో ఒకరు కాస్త కునుకు తీస్తే రెండోవాళ్లు ఇద్దరు రోగులనీ చూసుకునేవారు. అలా కలిసి నెట్టుకొచ్చారు.

జగ్గమ్మ మొగుడు చనిపోయాడు.

శవం దగ్గర యమున గుండెలు బాదుకుంది. "సొంత మొగుడు పోయినట్టు ఏడుస్తన్నాది" అన్నారు జనం.

జగ్గమ్మే ఆమెను దగ్గరకు తీసుకుంది. "ఊరుకోవే. నువ్వేడిస్తే నాకెవులు దైర్నం సెప్తారు?"

"నీకేటే, నువ్వు గట్టెక్కీసినావు. నానొక్కద్దాన్నే ఎలాగ మొయ్యాలి?" అంది యమున. వెనకే గోడకి ఆనుకుని కూర్చున్న తన మొగుణ్ని చూసుకోలేదు.

మర్నాడు గుమ్మంలో ఆటో హారన్ కొట్టింది.

"నాను రాను. ఎల్లిపొమ్మను" అన్నాడు యమున మొగుడు, అటు తిరిగి పడుకుని.

ఎందుకని యమున అడగలేదు. బయటికెళ్లి ఆటోని పంపేసింది.