రేవులో వేడినీళ్ళ బిందె

"అమ్మాయ్, పిల్లని నీళ్ళలో ముంచకమ్మా!"

కార్తీక సోమవారం, తెల్లారగట్ల. కూతురి చెయ్యి పట్టుకుని కాలవ మెట్లు దిగబోతున్న మంగాయమ్మ విసుగ్గా వెనక్కి తిరిగింది.

గట్టు మీద ఇటుకల పొయ్యి. కొబ్బరి డొక్కల మంట మీద బిందె. పక్కన చెవులదాకా శాలువా కప్పుకున్న ముసలావిడ. ఈ ఊరి మనిషి కాదు.

"కాలవ నీళ్ళే కాచేనమ్మా. ఇవి పోసినా స్నానమే. ఆ పిల్ల కళ్ళలో పచ్చదనం నాకు తెలుసు."

మంగాయమ్మకి ఒళ్ళు మండింది.

కూతురు సాయిదుర్గది సికిల్ సెల్ జబ్బు. రక్తకణాలు కొడవలిలా వంకర తిరిగి ఒళ్ళంతా నొప్పులు పెడతాయి. చలి తగలనివ్వొద్దని డాక్టరు చెప్పాడు, నిజమే. అందుకని మంగాయమ్మ పిల్లకి మజ్జిగ మాన్పించింది, చెవులకి గుడ్డ కట్టింది. కానీ దేవుడి స్నానం కూడా చెరుపు చేస్తుందా ఎక్కడైనా?

ఈ జబ్బు పిల్లలు ఓణీ వేసేదాకా ఉండరని ఎవరో అన్నారు. ఆనాటినుంచి ఆ తల్లికి కంటిమీద కునుకు లేదు. మొగుడు మస్కట్ నుంచి ఫోన్ చేస్తే ఎస్టీడీ బూత్‌లో ఏడవడమే. ఇక మిగిలింది ఈ మొక్కొక్కటే.

"మొక్కుకి వేడినీళ్ళేంటండీ? దేవుడితో వేళాకోళమా? మీరు మాత్రం కాలు తడవకుండా కూచుని ఊరందరికీ నీతులు చెప్తారు!"

ముసలావిడ పొయ్యిలోకి ఇంకో డొక్క తోసింది.

మంగాయమ్మ పంతంగా పిల్లని మూడు మునకలు వేయించింది.

మధ్యాహ్నానికి పిల్ల నొప్పులతో మెలికలు తిరిగిపోయింది. ఆటోలో అమలాపురం ఆసుపత్రికి పరుగు.

మర్నాటికి పిల్ల తేరుకుంది. మంగాయమ్మ మందులు కొనుక్కుని వార్డులోకి వచ్చేసరికి మంచం పక్కన అదే శాలువా! ముసలావిడ పిల్లకి గోరువెచ్చటి నీళ్ళు తాగిస్తోంది.

మంగాయమ్మకి సిగ్గుతో తల వాలిపోయింది.

"తప్పయిపోయిందండీ మామ్మగారూ. పనీపాటా లేని మనిషనుకున్నానండీ."

"పోన్లెద్దూ. రెండో శనివారం ఈ వెనక షెడ్డులో ఈ జబ్బున్న ఇళ్ళవాళ్ళం అందరం కలుస్తాం. నువ్వూ రా. ఎవరి పిల్లకి నొప్పొచ్చినా ఎవరో ఒకరు తోడొస్తారు."

"ఆయ్, వస్తానండీ." మంగాయమ్మ కాస్త తటపటాయించింది. "మీ పిల్లకి కూడా ఇదేనాండీ? ఇప్పుడు... ఉందాండీ?"

ముసలావిడ నవ్వింది. జవాబు చెప్పేలోగా నర్సు వచ్చిపడింది.

"వీరాయమ్మగారూ, మళ్ళీ లేచేరా? రేవుగట్టు చలికి నొప్పులు తెచ్చుకున్నది చాల్లెండి. నడవండి మీ మంచానికి!"

శాలువా కింద ముసలావిడ చేతికి సూది, దానిమీద ప్లాస్టరు.

"చూడండి, పుట్టినప్పట్నుంచీ ఇదే జబ్బు, అరవై దాటేయి, మనవరాలికి ఓణీ కూడా వేసేరు, అయినా మాట వింటేనా!" అని నర్సు మంగాయమ్మకి చాడీ చెప్పింది.