ఐదు నక్షత్రాల బండి

నీ పెళ్ళాం నిన్ను చంపబోతోందని రాయిస్‌కి బండ్లమ్మే లైల్ చెప్పాడు. రాయిస్ భయపడలేదు. పడీపడీ నవ్వాడు.

"వెర్లానా? కోడిని కొయ్యమంటే కళ్ళు మూసుకుంటుంది. అది నన్ను చంపుతుందా?"

"నవ్వకు రాయిస్! పోయిన వారం మీకు రెండు పికప్‌లు అమ్మానా, ఎర్రదీ, బూడిదరంగుదీ? గుద్దుకుంటే డ్రైవర్ బతికేది దేంట్లోనని నీ పెళ్ళాం గుచ్చిగుచ్చి అడిగింది."

లైల్ పరీక్షల కాయితం బల్ల మీద పరిచాడు. భద్రతలో ఎర్రదానికి ఐదుకి ఐదు నక్షత్రాలు. బూడిదదానికి మూడే. గోడకి గుద్దించి చూస్తే స్టీరింగ్ వెనక్కొచ్చి, లోపల కూర్చోబెట్టిన బొమ్మ గుండెలకి తగిలిందట.

"ఎర్రది తనకట, బూడిదది నీకట!" అన్నాడు లైల్.

రాయిస్ మొహంలో నవ్వు పోయింది. బండ్ల విషయంలో లైల్ మాటంటే అతనికి వేదవాక్కు. పైగా, "ఇదే నీకు బావుంటుంది" అంటూ వెర్లా బూడిదదాని తాళాలు తన చేతిలో పెట్టిన మాట నిజం. శనివారం పశువుల వేలానికి కొండ దిగి వెళ్ళాలి. మోంటానా చలికి ఆ దిగుడంతా మంచు గడ్డకట్టి ఉంది. బండి జారితే లోయే.

రాయిస్ దృష్టిలో ఆడదానికి బుర్ర దేవుడు ఇవ్వనేలేదు. ఇరవై రెండేళ్ళుగా ఆ మాట నలుగురిలో అని నవ్విస్తూనే ఉన్నాడు. అలాంటిది ఆ మొద్దు తనకే ఎసరు పెడుతుందా?

"షెరీఫ్‌కి చెప్పి పోలీసు కేసు పెడతావా?" అన్నాడు లైల్.

"ఏమని చెప్పను? మూడు నక్షత్రాల బండి ఇచ్చిందనా? ఊరంతా నవ్విపోతారు. ఎవరు తీసిన గోతిలో వాళ్ళే పడతార్లే."

శనివారం పొద్దున వెర్లా వంటింట్లో బేకన్ వేయిస్తోంది. రాయిస్ మేకుకి వేలాడుతున్న ఎర్రబండి తాళాలు జేబులో వేసుకుని చప్పుడు కాకుండా బయటపడ్డాడు. పైన దారి తాడు లాగినట్టు తిన్నగా ఉంది. దిగుడు మొదలయ్యేసరికి ఇక నవ్వు ఆపుకోలేక, బండిలోంచే ఇంటికి ఫోన్ కలిపాడు.

"ఏమే మొద్దుమొహమా! ఏ బండిలో ఉన్నానో చెప్పుకో చూద్దాం!"

"ఏ బండేంటి?"

"నీ ఎర్రబండే! ఐదు నక్షత్రాలు! ఆ డొక్కుదాంట్లో నువ్వే ఊరేగు. నన్ను చంపాలంటే బుర్రుండాలే. అది నీకెక్కడ ఏడిచింది?"

అవతల వెర్లా గట్టిగా ఊపిరి వదిలింది.

"హమ్మయ్య! నేను చెప్తే ఎటూ వినవు, లైల్‌తో చెప్పించినా వింటావో వినవోనని రాత్రంతా కంటి మీద కునుకు లేదు. సరే, మలుపొస్తోంది కదా, ఒక్కసారి బ్రేకు తొక్కి చూడు."