కానుగ వాసన

“దాని గోడకి కానుగ మందు, నా గోడకి పాత మందా? ఇదేటి నాయం?” దేముడమ్మ మందు కొట్టేవాళ్ళకు అడ్డంగా నిలబడింది.

“ఏ ఇంటికి ఏ మందో చీటీలు తీశాం కదమ్మా. రెండు రకాల ఇళ్ళూ ఉంటేనే తేడా తెలిసేది,” అంది కౌముది. దోమల మందు పరీక్షకు శ్రీకాకుళం నుంచి వచ్చిన పిల్ల. “పాత మందును దోమలు ఒంట్లోనే అరిగించేసుకుంటున్నాయి. కానుగ గింజల సారం కలిపితే అరిగించుకోలేవేమో చూస్తున్నాం. మళ్ళీ కొట్టేది వానలయ్యాకే. అంతవరకూ గోడలు అలక్కండి. అలికితే మందు మట్టి కింద పడిపోతుంది.”

దేముడమ్మ కూతురు శ్రావణికి ఏడో నెల. నిరుడు మలేరియా జ్వరానికే కడుపు పోయింది. కానుగ మందు పడిన పక్కిల్లు తోడికోడలు కుమారిది. అక్కడ కడుపుతో ఉన్నవాళ్ళెవరూ లేరు.

వారం తిరక్కుండా కుమారి ఇంట్లో దోమల మోత ఆగింది. దేముడమ్మ ఇంట్లో ఆగలేదు.

ఒక పొద్దున కుమారి లోపలి గదిలోంచి ధాన్యం బస్తాలు బయటికి ఈడుస్తోంది.

“గది కాళీ సేస్తన్నావేటే? కోడలొస్తాదా?”

“వచ్చినోళ్ళని సూద్దువులే అక్కా,” కుమారి నవ్వింది.

ఆ నవ్వు దేముడమ్మకు ముల్లులా దిగింది. కుమారి కొడుక్కి ఈమధ్యే పెళ్ళయింది. కొత్త కోడలు. నేడో రేపో నెల తప్పుతుంది. ఆ గదిలో హాయిగా పడుకుంటుంది.

“ఏదొచ్చినా దానికే వస్తాది,” అంది మొగుడితో.

“గోడకి కొట్టిన మందు నీ కడుపులో మండతన్నాదేటే?” అన్నాడు సోములు.

మర్నాడు కుమారి తాళం చెవి అక్క చేతికిచ్చి గజపతినగరం వెళ్ళింది. దేముడమ్మ పేడ, ఎర్రమట్టి కలిపింది. లోపలి గది గోడలన్నీ వాసాల దాకా అలికింది. కానుగ వాసన చచ్చేదాకా అలికింది. అడిగితే తోడికోడలికి సాయం చేశానంటుంది. ఎవరు కాదంటారు?

చేతులు కడుక్కుని ఇంటికొచ్చింది. చాలా రోజుల తర్వాత బాగా ఆకలేసింది.

శ్రావణి చీరలు సంచిలో సర్దుకుంటోంది.

“ఎక్కడికే?”

“పక్కింటికి. ముందే తెలిస్తే నువ్వు ఒప్పుకోవని, నీకు సెప్పొద్దంది పిన్ని.”

“ఏటి సెప్పొద్దంది?”

“పురుడయ్యేదాకా ఆ గది నాదేనంట.”